ఓడినవాడు కట్టే పట్టీ

తెల్లవారుజామున ఐదున్నరకు మా ఆర్మీ దళం పుదుచ్చేరి చేరింది. మూడు ట్రక్కులు, నాలుగు రబ్బరు బోట్లు, వాటి మోటార్లు, నైలాన్ తాళ్ళు, లైఫ్‌జాకెట్లు, రెండు రేడియో సెట్లు. తుపాను అప్పటికే తీరం దాటింది. గాలి తగ్గింది, వాన తగ్గలేదు. దారి పొడుగునా కూలిన చెట్లను కోసుకుంటూ వచ్చాం. అందరి భుజాల మీదా తడిసిన రంపపు పొట్టు అంటుకుని ఉంది.

సుబేదార్ సాబ్ ట్రక్కు బానెట్ మీద మ్యాపు పరిచారు. తర్వాత నా వైపు చూసి నవ్వారు.

"దేవరాజులూ, ఇది నీ ఊరే కదా. మొదటి బోటు నీది. మ్యాపు మిగతావాళ్ళకు ఇస్తా."

అప్పటికి నేను హవల్దార్ని. సొంత ఊరికి యూనిఫారంలో, డ్యూటీ మీద రావడం ఎంతమందికి దక్కుతుంది? ఛాతీ ఉప్పొంగాల్సిన మాట. కానీ నా బోటుకు రెండో మనిషిగా ఎవరిని వేశారో విన్నాక నోట్లో చేదు ఊరింది.

అతన్ని ఇక్కడ లాన్స్ నాయక్ అనే అంటాను. పేరు చెప్పడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. శ్రీకాకుళం వైపు కుర్రాడు. మా రెజిమెంటులో హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ చాలా ఏళ్ళు నాది. అంతకు ముందటి చలికాలం ఫైనల్లో, రెండో రౌండులో, అతను నన్ను పడగొట్టాడు. మర్నాటి నుంచి వంటవాడు వేసే అదనపు గుడ్లు నా పళ్ళెం దాటి అతని పళ్ళెంలోకి పోయాయి. గుడ్ల కోసం ఏడ్చేవాణ్ణి కాను. కానీ ఆ గరిటె నన్ను దాటిపోవడం రోజూ చూసేవాణ్ణి. అది ఈర్ష్యే. దానికి వేరే పేరు పెట్టను.

ఆరున్నరకు బోటు దింపాం. పల్లపు వీధుల్లో నీళ్ళు నడుము దాకా, కొన్నిచోట్ల ఛాతీ దాకా. కరెంటు తీసేశారు. నీళ్ళ మీద డీజిల్ తెట్టె, కొబ్బరి మట్టలు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ. ఏ సందు ఎక్కడ తేలుతుందో చెబుతూ మోటారు దగ్గర నేను. ముందు భాగంలో తాడుతో లాన్స్ నాయక్. మేడల మీది నుంచి మనుషుల్ని దింపేది అతను. ఒక అవ్వను గ్రైండరుతో సహా ఎత్తుకొచ్చాడు. ఆవిడ గ్రైండరు వదలనంది, అతను ఆవిణ్ణి వదలనన్నాడు. వీధి వీధంతా చప్పట్లు. ఫోన్లన్నీ అతని వైపే.

"ఆ పెద్ద తంబి బాగుండాల!" అంది అవ్వ నాతో. "నువ్వు మెల్లగా నడపప్పా, ఆడించొద్దు."

నా ఊళ్ళో నేను బోటు డ్రైవర్ని అయిపోయాను.

పదకొండు దాటాక రేడియో పలికింది. ఆపరేటరు గొంతు గరగరలాడింది.

"మొదటి బోటు, మొదటి బోటు. తేంగాయితిట్టు దారిలో ఒక జిమ్. లోపల ముసలాయన. రానంటున్నాడట. ఓవర్."

"పేరు? ఓవర్."

"పేరు తెలీదు. అందరూ మాస్టర్ అంటున్నారు. ఓవర్."

నాకు వేరే వివరం అక్కర్లేకపోయింది. బోటు తిప్పాను.

మాస్టర్ అంటే మా ఊరికి బాక్సింగ్. ఆయన తండ్రి సొల్దా. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళను ఇక్కడ ఇంకా అలాగే అంటారు. ఆ సొల్దా ఓడలో రెండు జతల గ్లవ్స్ తెచ్చి రేకుల షెడ్డు వేశాడు. మాస్టర్ దాన్ని హాలు చేశారు. మాస్టర్ వయసులో ఉన్న రోజుల్లో పోటీలంటే హెవీవెయిట్ జతను ఆఖరున దింపేవారు. దానికోసం హార్బరు నుంచి జాలర్లు చేపల వాసనతోనే వచ్చేవారు. బజారులో మా తెలుగు శెట్లు కొట్లు ముందే కట్టేసేవారు. గోడ మీద ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ల బొమ్మలు, పత్రికల్లోంచి కత్తిరించినవి, వరసగా ఉండేవి. కొత్తగా చేరినవాడు ఆ పేర్లన్నీ వరస తప్పకుండా అప్పజెప్పాకే గ్లవ్స్ ముట్టాలి. మా ఇళ్ళలో తాతముత్తాతల పేర్లు తెలియని పిల్లలకు కూడా ఆ పేర్లు వచ్చు.

అప్పట్లో ప్రపంచానికి ఒక్కడే హెవీవెయిట్ ఛాంపియన్ అన్నట్టు ఉండేది. ఆ పేరు రిక్షా తొక్కేవాడికీ తెలుసు. పోనుపోను బెల్టులు నాలుగయ్యాయి. ఏ బెల్టు ఎవడి నడుముకుందో అడిగితే చెప్పేవాడు లేడు. కుర్రాళ్ళు ఫోన్లలో బోనుల్లో కొట్టుకునే పోటీలకు మరిగారు. మాస్టర్ కొడుకు రింగు విప్పించి అద్దాలూ ఇనుప యంత్రాలూ పెట్టించాడు. షట్టరు పక్కన కుర్చీ ఒకటి మాత్రం తండ్రికి మిగిల్చాడు.

నేను పదిహేనేళ్ళప్పుడు ఆ హాల్లో చేరాను. మాస్టర్ నన్ను చూసిన మొదటి రోజే బరువోడు అన్నారు. ఎంత గెలిచినా ఆ పిలుపు మారలేదు.

"డేయ్, బరువుండేవాడు వేరే. హెవీవెయిట్ వేరే," అనేవారు.

హెవీవెయిట్ అనే మాట ఆయన జీవితంలో ముగ్గురిని అన్నారట. సైన్యంలో గెలిచిన మొదటి పతకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అరచేతిలో తూచి చూసి తిరిగి ఇచ్చేశారు. "బాగుండాది. బరువుగా ఉండాది," అన్నారు. ఆయన నోట ఆ ఒక్క మాట కోసమే ఇన్నేళ్ళు గుద్దులు తిన్నానంటే నవ్వుకోకండి.

బోటును షట్టరు ఊచకు కట్టి లోపలికి వెళ్ళాం. యంత్రాలు మునిగిపోయాయి. మాస్టర్ అటక మెట్ల మీద కూర్చున్నారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, మడిచి కట్టిన లుంగీ. ఆయన తలపైన, తడవని గోడ మీద, ఛాంపియన్ల బొమ్మలు.

"ఎవుర్రా అది? దేవానా?"

"నేనే మామా. దిగండి, సీక్రం పోదాం."

"యాడికి? వీళ్ళను వదిలిపెట్టి యాడికి వచ్చేది?"

"ఆళ్ళకేటీ అవదు తాతా, పైనున్నారు గదా," అన్నాడు లాన్స్ నాయక్.

మాస్టర్ అప్పుడు అతన్ని చూశారు. భుజాల నుంచి మొదలుపెట్టి, మెల్లగా, ఎద్దును బేరమాడేవాడిలా చూశారు. నన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

"ఎవురీ తంబి?"

"మా లాన్స్ నాయక్," అన్నాను. అంతకు మించి చెప్పదలచుకోలేదు.

"అన్నతో మొన్న ఫైనల్ ఆడినాను తాతా," అన్నాడు అతను. "హెవీవెయిట్."

"గెలిచింది ఎవురు?"

అతను తల దించుకున్నాడు. నేను ఓడానని చెప్పలేక నాకోసం సిగ్గుపడ్డాడు. దానికంటే గెలిచానని అరిచినా బాగుండేది.

"చేతులు సూపీ," అన్నారు మాస్టర్. అతని కొలతకు స్టోర్లో రబ్బరు గ్లవ్స్ దొరకలేదు. పొద్దున్నుంచి తాడు లాగి అరచేతులు చీరుకుపోయాయి. మాస్టర్ అటక మీద మేకుకు వేలాడుతున్న నూలు పట్టీలు అందుకుని నా మీదికి విసిరారు.

"దేవా, కట్టు."

మా హాల్లో ఒక ఆచారం ఉంది. హెవీవెయిట్‌లో గెలిచినవాడు తర్వాత ఎప్పుడు బరిలోకి దిగినా, అతని చేతులకు పట్టీ కట్టేది అతని చేతిలో ఓడినవాడే. గెలిచినవాడు నమ్మి చేతులు ఇవ్వాలి. ఓడినవాడు నమ్మకం నిలబెట్టాలి. అంతే. నేను గెలిచిన రోజుల్లో ఆ ఆచారం నాకు చాలా గొప్పగా కనిపించేది.

"మామా, నీళ్ళు పెరుగుతున్నాయి."

"కట్టేదాకా నేను దిగను పో."

రేడియో గోల పెట్టింది. "మొదటి బోటు, ఎంతసేపు? ఓవర్."

"చిన్న పనుంది. ఓవర్."

"ఏం పని? ఓవర్."

రేడియో పక్కన పెట్టాను. లాన్స్ నాయక్ రెండు చేతులూ నా ముందు పెట్టాడు. బొటనవేలికి ఉచ్చు వేశాను. మణికట్టు చుట్టూ తిప్పాను. అతని మణికట్టు నాదానికంటే లావు. అది అప్పుడే కనిపెట్టాను. వేళ్ళ సందుల్లోంచి తీసి, చీరిన చోట రెండు మడతలు ఎక్కువ వేసి, మళ్ళీ మణికట్టు దగ్గర బిగించాను. మాస్టర్ వంగి ముడి నొక్కి చూశారు. దిగేటప్పుడు నా వీపు కాదని అతని వీపెక్కారు.

ఉప్పుటేరు వైపు నీళ్ళు ఈడ్చే చోట మోటారు ఆగిపోయింది. ప్రొపెల్లరులో ప్లాస్టిక్ గోతం చుట్టుకుంది. బోటు గిర్రున తిరిగింది. మాస్టర్ కళ్ళద్దాలు ఎగిరి నీళ్ళలో పడ్డాయి. లాన్స్ నాయక్ ఒక ఇంటి కిటికీ ఊచల్లోంచి తాడు దూర్చి, కొసను చేతులకు చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు. ప్రవాహం బోటునూ మమ్మల్నీ లాగుతోంది. అతను కదల్లేదు. నేను వెనక బోర్లా పడుకుని కత్తితో గోతం కోశాను.

"విడవొద్దురా!" అని మాస్టర్ అరుస్తూనే ఉన్నారు. ఎవరిని అన్నారో అప్పుడు ఆలోచించలేదు. మోటారు అందుకుంది.

శిబిరం ఒక బడిలో. అక్కడికి చేరేసరికి మూడయింది. పులిహోర పొట్లాలు, స్టీలు డ్రమ్ములో టీ. మాస్టర్‌కు జ్వరం కాసింది. రెండు దుప్పట్లు కప్పి బెంచీ మీద కూర్చోబెట్టాం. అటొకరం, ఇటొకరం. మా ఇద్దరి ఒళ్ళూ ఒకటే కొలత, ఒంటిమీద ఒకటే నారింజ జాకెట్లు. కళ్ళద్దాలు లేని మాస్టర్‌కు ఎవరు ఎటున్నారో తెలిసినట్టు లేదు.

గ్రైండరు అవ్వ వీడియో అప్పటికే ఊరంతా తిరిగినట్టుంది. నలుగురు కుర్రాళ్ళు వచ్చి లాన్స్ నాయక్‌తో ఫోటోలు దిగారు.

"అన్నా, మీరు బోన్లో కొడతారా?"

"లేదు తమ్ముడూ, బాక్సింగ్."

"బాక్సింగా!" అన్నాడొకడు, పాపం అన్నట్టు.

మాస్టర్ కళ్ళు మూసుకునే ఛాంపియన్ల పేర్లు అందుకున్నారు. మొదటివాడి నుంచి, వరసగా. మూడో పేరుకల్లా కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. లాన్స్ నాయక్ వింటున్నాడు గానీ అతనికి ఆ పేర్లు రావు. మాస్టర్ ఎక్కడో ఆగిపోతే తర్వాతి పేరు నేను అందించాను. ఆయన తల ఊపి కొనసాగించారు. ఇదొక్కటైనా నాది కదా అనుకున్నాను.

పేర్లు అయిపోయాయి. మాస్టర్ దుప్పట్లోంచి చేతులు తీసి పక్కకు తడుముకున్నారు. నా పక్కకు కాదు. పట్టీ కట్టిన పిడికిలి దొరికింది. రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"దేవా," అన్నారు. "ఇన్నాళ్ళూ బరువోడని అంటా వచ్చినా. ఈపొద్దు సూసినా, బోటును ఎట్ల పట్టినావో. నువ్వు హెవీవెయిట్‌రా."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. కాదు మామా, నేను ఇటున్నా, ఆ చెయ్యి నాది కాదు అని చెప్పాలి. గ్లాసును రెండో చేతిలోకి మార్చుకున్నాను. లాన్స్ నాయక్ ఆయన తల మీదుగా నా వైపు చూశాడు. పొద్దున్నుంచి ఆయన్ని తాతా అంటున్నవాడు, పిడికిలి కదపకుండా, అచ్చం నా యాసలో అన్నాడు:

"సరి మామా."

నాలుగో రోజు పొద్దున ట్రక్కులు కదిలాయి. వాన వెలిసింది. లాన్స్ నాయక్ నా ఎదురుగా కూర్చున్నాడు.

"మీ పేరే సెప్పారు గదన్నా," అన్నాడు.

"పని నీది కదరా," అన్నాను. అతను బయటికి చూశాడు.

ఇప్పుడు నేను పెన్షన్ మీద మా ఊళ్ళోనే, గోరిమేడులో ఉంటున్నాను. మాస్టర్ ఆ జ్వరం నుంచి తేరుకుని, ఇంకో వేసవి చూసి పోయారు. హాలు ఫోన్ల షోరూమ్ అయింది. మా రెజిమెంటులో హెవీవెయిట్‌కు ఇప్పుడు జత దొరకడం లేదట. ఒక్కడే నిలబడితే అతని చెయ్యి ఎత్తి గెలిచాడని ప్రకటిస్తున్నారట. ఆ ఒక్కడెవడో నేను అడగలేదు.

తుపాను కథ చెప్పమని పిల్లలు అడిగితే గ్రైండరు సంగతి చెప్పి నవ్విస్తాను. నాకు మాత్రం కనిపించేది బడి బెంచీ. రెండు ముసలి చేతుల నడుమ తెల్లపట్టీ కట్టిన పిడికిలి, మణికట్టు మీద నేను వేసిన ముడి. ఆయన నా పేరు పిలుస్తూ దాన్ని నిమురుతున్నారు. నేను పక్కనే కూర్చుని, చల్లారిపోతున్న టీ పట్టుకుని, ఆ చెయ్యి నాదైతే బాగుండునని చూస్తున్నాను.