మూడు నెలలు ఆగిన కొట్లాట

ఆ వయసులో నా కోపానికి ఆగడమంటే తెలియదు. ఎవరైనా ఒక మాట అంటే తెల్లారేలోగా తిరిగి అనేయాలి, లేకపోతే ముద్ద దిగదు (ఆరో తరగతిలో నన్ను వెనక బెంచీకి పంపిన అయ్యవారి మీద నాకు ఇప్పటికీ కోపమే). అలాంటి నన్ను గోడకు వేలాడే ఒక ఉర్దూ క్యాలెండరు మూడు నెలలు నిలబెట్టిందంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

పలమనేరు పాలకేంద్రంలో కొత్తగా ఉద్యోగం. మంచి చొక్కా కుట్టించుకుందామని బస్టాండు వెనక దర్జీ భాయ్ అంగడికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. నా వీపు మీద టేపు పెట్టి, బెంచీ మీదున్న వాళ్ళందరికీ వినపడేలా, "సారుకు కుడి భుజం రెండు వేళ్ళు కిందికుండాదప్పా, తక్కెడ మాదిరి!" అన్నాడు. ఆ బెంచీ మీద మా కేంద్రంలో పాలు కొలిచే ఆయన కూడా ఉన్నాడు. మర్నాటి నుంచి నేను 'తక్కెడ సారు'. పోనీ చొక్కాలో తప్పు పడదామా అంటే, వంకర భుజం కనబడకుండా అచ్చు పోసినట్టు కుదిరింది. అది మరీ అవమానం.

అందరి ముందూ తప్పు ఒప్పించాలని వెళ్ళాను. భాయ్ క్యాలెండరు చూపించాడు. "ఇది జుల్‌ఖాదా సార్. దేవుడు గొప్ప చేసిన నాలుగు నెలల్లో ఒకటి. ఎనకటికి తండ్రిని సంపినోడు ఎదురొచ్చినా ఈ నెలల్లో కత్తి తీసేటోళ్ళు కాదంట. మీ భుజం అంతకన్నా పెద్దదా? నెల పోనీండి, కొట్లాడదాం."

నెల పోయింది. వెళ్ళాను. "ఇది జుల్‌హిజ్జా. ఇదీ ఆ నాలుగిట్లోదే" అన్నాడు. ఆ నెల కూడా పళ్ళ బిగువున గడిపి వెళితే ముహర్రం వచ్చింది. అదీ అంతే! (నాలుగోది రజబ్ అట, అది ఎక్కడో దూరాన ఒంటరిగా ఉంటుందట.) నెల సగం దాటేసరికి నాకు తిక్క రేగి మళ్ళీ వెళ్ళాను. "నెలల చాటున దాక్కునే పిరికోడివి నువ్వు!" అని బెంచీ నిండా జనం ఉండగా అరిచాను. భాయ్ చేతిలో సూది ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి. సూదిని మెల్లగా బట్టకు గుచ్చి, కళ్ళు మూసుకుని, "ఇంకా పదకొండు దినాలుండాయి" అన్నాడు. అంతే. నేను ఒక్క పూట మోయలేని కోపాన్ని ఆ ముసలాయన అలా మింగేశాడు. ఆకాశంలోని సన్నటి చంద్రవంక భూమ్మీద ఇంతటి నోటిని కట్టేస్తుందా!

ముహర్రం అయిపోయి సఫర్ నెల వచ్చిన మొదటి రోజు పొద్దున్నే వెళ్ళాను. "రాండి సార్, ఈ పొద్దు కొట్లాడచ్చు" అంటూ లేచి, టేపు నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు. "కొలవండి. అందరి ముందర అన్నా గదా, అందరి ముందరే కొలవండి." కొలిచాను. ఆయన కుడి భుజం మూడు వేళ్ళు కిందికుంది. నలభై ఏళ్ళు మిషను మీద వంగిన భుజం. "సూస్తిరా అప్పా! నాదే పెద్ద తక్కెడ. ఆ పొద్దు నోరు జారింది నాదే" అని బెంచీకి చెప్పి, నావైపు తిరిగాడు. "ఇంగ నా వంతు. నన్ను పిరికోడంటివే, కూసో ఆడ!"

పావుగంట తిట్టాడు. జీవితంలో నేను ఎదురు చెప్పకుండా విన్న తిట్లు అవే.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. పై వాటా వాళ్ళ మీద ఫిర్యాదులు నాకింకా బోలెడున్నాయి. అయితే మెట్లెక్కే ముందు ఫోనులో నెల చూస్తాను. ఒంటరి రజబ్ అయినా సరే వెనక్కి వచ్చేస్తాను (రజబ్ అయిపోగానే తప్పక ఎక్కుతాను, అది వేరే సంగతి). మొన్న కొత్త చొక్కాకు కొలత ఇచ్చినప్పుడు ఇక్కడి టైలరు ఏమీ అనలేదు, మర్యాదస్తుడు. ఊరుకోలేక, కుడి భుజం ఎంత కిందికుందని నేనే అడిగాను.

మూడు వేళ్ళట.