ఎండతో నడిచే మోటారు, మా దొరువు

నెల్లూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి, విడవలూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న మా ఆయన సొంతూరికి బయలుదేరే ముందు నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. వానలు పడేదాకా ఉంటాను. అప్పటికీ నాకు పొసగకపోతే మారు మాట్లాడకుండా మళ్ళీ టౌనుకు తీసుకెళ్ళాలి. ఆయన సరేనన్నారు. మూడో తరగతి చదివే మా పాప పక్కనే కూర్చుని అంతా విన్నది. ఆ మాట దాని మనసులో అంత గట్టిగా పడుతుందని మేమిద్దరం అనుకోలేదు.

ఇదంతా దాని పుట్టినరోజుతో మొదలైంది. బెలూన్లు, ప్లాస్టిక్ కప్పులు, మెరుపు కాగితాలు, కేకు డబ్బా, అన్నీ ఒక పెద్ద కవర్లో మూటగట్టి వీధి చివర పడేశాం. పొద్దున స్కూలుకు పోతుంటే ఆవు ఒకటి ఆ కవరునే నములుతోంది. కేకు డబ్బాకు కట్టిన గులాబీ రంగు రిబ్బను దాని మూతి నుంచి వేలాడుతోంది. పాప అక్కడే నిలబడి ఒకటే ఏడుపు. "అది నా పుట్టినరోజు తింటా ఉంది నాన్నా" అంది. మా ఆయనకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన ఏదైనా పట్టుకుంటే అంతే, ఉడుంపట్టు. ఇంట్లో ప్లాస్టిక్ ఉండకూడదు, కూరగాయలు మనమే పండించుకోవాలి, పిల్ల మట్టిలో ఆడుకోవాలి, ఊరికి పోదాం అన్నారు.

నేను సంగం వైపు పుట్టినదాన్ని. కాలువ నీళ్ళు చూస్తూ పెరిగాను. ఈ ఊళ్ళో ఎటు చూసినా ఇసుక, సరుగుడు తోటలు, ఉప్పుగాలి. పక్క దులిపితే ఇసుక, అన్నం తింటుంటే పళ్ళ కింద ఇసుక. వచ్చిన మొదటి నెలంతా నా కాలు ఒకచోట నిలవలేదు. వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి. మా అత్త అరుగు మీద కూర్చుని చూసేది. "ఏంది మే, కాలు కాలిన పిల్లిలా అట్టా తిరగతా ఉండావు? కాసేపు కూసోరాదా" అనేది. కూర్చుంటే ఇంకా ఎక్కువ ఊపిరాడనట్టు ఉండేది నాకు.

పళ్ళు తోముకోవడానికి వేపపుల్లలు. తలకు కుంకుడుకాయలు. చేపలకు పోతే తాటాకు బుట్ట. ఒకరోజు బుట్ట మరిచిపోయి వెళితే చేపలమ్మే ఆమె కవర్లో వేసిచ్చింది. ఇంటికి రాగానే మా పాప నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను గుమ్మంలోనే ఆపింది. "అది లోపలికి రాదు" అంది. చేపల్ని గిన్నెలో వేసుకున్నా ఒప్పుకోలేదు, కవరు కడిగి ఆరేసి మళ్ళీ చేపలామెకే ఇచ్చి రావాలంది. మా అత్త పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఇచ్చి వచ్చాననుకోండి.

పాపకు మాత్రం ఊరు ఒంటబట్టేసింది. దానికి రెండు పనులు అప్పజెప్పారు. పెరట్లో తోటకూర మడి ఒకటి దాని సొంతం. పొద్దున్నే దొరువు నీళ్ళు రుచి చూసి, తాగే కుండ నింపడం రెండోది.

దొరువు అంటే ఇసుకలో తవ్విన పల్లపు గుంట. బావిలా ఒరలుండవు, చుట్టూ ఏటవాలుగా దిగుడు ఉంటుంది, పిల్లలైనా దిగి బిందె ముంచుకోవచ్చు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీళ్ళ మీద తియ్యగా నిలుస్తుంది. పైపైన ముంచుకున్నంత కాలం అది తియ్యగానే ఉంటుంది, అదేపనిగా తోడితే కిందున్న ఉప్పు పైకొస్తుంది. అందుకే అక్కడివాళ్ళు పొద్దున కాసేపు ముంచుకుంటారు, మళ్ళీ సాయంత్రం దాకా దొరువు జోలికి పోరు. ఊర్లో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు. మా ఆయనకూ తెలుసు, మా అత్తకూ తెలుసు.

తెలిసే మోటారు పెట్టారు. మామూలుది కాదు, ఎండతో నడిచేది. పెరటి పాకమీద నల్ల పలకలు బిగించి, దొరువులోకి పైపు వేసి, పెరట్లో తొట్టి కట్టించారు. అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అత్తే. "బిందెలు మోసి మోసి నా నడుం ఇరిగిపొయ్యింది. ఇన్నాళ్ళకు నా కొడుకు పుణ్యం కట్టుకున్నాడు. రోజంతా తిప్పరా" అని పైపు దగ్గరే పీట వేసుకుని కూర్చుంది.

"పొద్దున కాసేపు నడిపి, మళ్ళీ సాయంత్రం దాకా ఆపరా?" అని అడిగాను.

"ఎందుకాపాలి? పొగా లేదు, కరెంటూ లేదు. ఎండ ఊరికే వస్తా ఉంటే వాడుకోకపోతే పాపం" అన్నారు మా ఆయన.

కరెంటు మోటారయితే ఏ మధ్యాహ్నమో కరెంటు పోయి ఆగేది. దీనికి ఆ గొడవ లేదు. పొద్దు పొడిస్తే మొదలు, పొద్దు గూకితే ఆఖరు. తొట్టి నిండి పొర్లినా వంగమడిలోకే కదా అని వదిలేశారు. వంకాయ, బెండ, గోంగూర, మిరప, ఏపుగా లేచాయి. ఫోనులో ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపారు.

ఆ తర్వాత ఒకరోజు కందిపప్పు ఉడకలేదు. పొయ్యి మీద ఎంతసేపుంచినా బద్ద బద్దలాగే ఉంది. పప్పు పాతదేమో అనుకున్నాను. మర్నాడు టీ విరిగింది. పాల మీద నెట్టాను. కూరలో ఉప్పెక్కువైతే నా చెయ్యే జారిందనుకున్నాను. వంగ ఆకులు అంచుల్లో మాడి ముడుచుకున్నాయి. వంటకు తొట్టి నీళ్ళు, తాగడానికి పాప నింపే కుండ నీళ్ళు. కుండలో నీళ్ళు చక్కగా తియ్యగా ఉండేవి. "ఈరోజు నీళ్ళెలా ఉన్నాయే?" అని రోజూ అడిగేదాన్ని. "తియ్యగానే ఉండాయమ్మా" అనేది అది, నా మొహం వైపు చూడకుండా.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను నోరు జారాను. "ఈ నీళ్ళు గనక ఉప్పయినాయో, ఇక్కడ ఒక్కరోజు ఉండే పని లేదు. టిన్ను నీళ్ళు కొనుక్కు తాగే బతుక్కి ఈ ఇసుకలో ఎందుకు పడుండాలి? టౌనుకు పోదాం" అన్నాను. అన్నాక నాకెంతో హాయిగా అనిపించింది, ఉన్నమాట చెప్పొద్దూ. మా ఆయన తల వంచుకుని తిన్నారు. పాప మజ్జిగ అన్నం సగంలో వదిలేసి లేచింది.

అప్పటినుంచి అది ఇంకా ముందు లేవడం మొదలుపెట్టింది. గౌను అంచు రోజూ తడిసే ఉండేది. స్కూలు ఆటో వచ్చి హారను కొడుతుంటే అప్పుడు జడ వేయించుకునేది. పెరట్లో మడులన్నీ మాడుతుంటే దాని తోటకూర ఒక్కటే పచ్చగా నిగనిగలాడుతోంది. అది చూసినప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ఏదో ఉంది, ఏమిటో అంతుపట్టడం లేదు.

ఒక పొద్దున అది బిందె తీసుకుని వెళ్ళగానే వెనకాలే వెళ్ళాను. మా దొరువు దాటి వెళ్ళిపోయింది. సరుగుడు తోట దాటింది. అవతల పక్కింటివాళ్ళ వేరుశనగ చేలో ఒక పాత దొరువు ఉంది, దానికి మోటారు లేదు. చెప్పులు విడిచి మెల్లగా దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని చప్పరించి, బిందె ముంచింది. చిన్న బిందే, కానీ దానికది పెద్దదే. చంకనెత్తుకుని ఏటవాలు ఎక్కుతుంటే కాళ్ళ కింద ఇసుక జారుతోంది.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?" అని అరిచాను.

బిందె జారి దొర్లింది. నీళ్ళన్నీ ఇసుకలోకి పోయాయి. అది ఆ తడి ఇసుకనే చూస్తూ నిలబడింది.

"మన దొరువు నీళ్ళు ఉప్పగా ఉండాయమ్మా."

"ఎప్పట్నించి?"

"వినాయక చవితికి ముందునించి."

"మరి రోజూ తియ్యగా ఉన్నాయని ఎందుకు చెప్పావు?"

"నీకు నచ్చకపోతే టౌనుకు పోవాలని వచ్చే ముందే అన్నావుగా. ఉప్పయితే పోదామని మళ్ళీ అన్నావు" అంది. అని వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకు ఈడ్నే ఉండాలని ఉందమ్మా. ఇంకా బరువైందైనా మోస్తాను."

నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని ఇసుకలోనే కూలబడ్డాను. నాకూ ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో మేము తాగిన నీళ్ళన్నీ దాని నడుం మీద వచ్చినవే. కాసేపటికి నేనే దిగి బిందె ముంచుకొచ్చాను.

ఇంటికొచ్చి తొట్టి నీళ్ళు గ్లాసులో పట్టి మా ఆయన చేతికిచ్చాను. ఒక గుక్క తాగి ఊసేశారు. మోటారు ఆపి, పాక ఎక్కి ఆ పలకల మీద మా అత్త పాత కోక ఒకటి కప్పేశారు. మా అత్త పీట మీంచి లేవలేదు. "రోజంతా తిప్పమనింది నేనే కదరా" అని నెత్తి కొట్టుకుంది. ఆయన దిగి వచ్చి నా వైపు చూడలేక చూస్తూ, "నెల్లూరులో ఇల్లు చూడమంటావా?" అన్నారు.

నేను అడిగిందే నా చేతికి వచ్చింది. పాప తలుపు చాటున నిలబడి ఉంది.

"వానలు పడేదాకా అన్నాం కదా. పడనీండి" అన్నాను.

పడితేగా! ఆకాశం తూర్పున నల్లబడేది, అందరం పెరట్లోకి వచ్చేవాళ్ళం, గాలి లేచి మబ్బును ఎటో తోసేసేది. నేను రోజుకు పదిసార్లు మబ్బు చూడటం, పదిసార్లు దొరువు చూడటం. పక్కింటివాళ్ళ దొరువు నుంచి బిందెలు నేనూ మా ఆయనా మోశాం. బట్టలన్నీ ఉప్పునీళ్ళకు అట్టలు కట్టాయి. వంగమొక్కలు పీకేశాం. నా తిక్క, ఆ ఎండ కలిసి ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేనట్టు ఉండేది.

ఆఖరికి వాయుగుండం పట్టింది. రోజుల తరబడి వదలకుండా కురిసింది. తెరిపి ఇచ్చిన పొద్దున పాప దొరువుకు పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "నేను చెప్పను. నువ్వే చూడు" అని నాకిచ్చింది.

నోట్లో పోసుకున్నాను. ఉప్పు తగ్గింది గానీ పోలేదు. అది ఊపిరి బిగబట్టి నన్నే చూస్తోంది. తియ్యగా ఉన్నాయని ఒక్క మాట అంటే అయిపోయేది, నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఇంకా ఉప్పగానే ఉన్నాయే" అన్నాను.

దాని మొహం వాడిపోయింది. గ్లాసు తీసుకుని, "అయితే ఎప్పుడు పోతాం?" అంది.

"ఎక్కడికే పోయేది? ఆ తోటకూరకు నీళ్ళెవరు పోస్తారు, మీ అవ్వా? నడువు. చిన్న బిందె నువ్వు తీసుకో, పెద్దది నాకియ్యి."