సున్నం కొట్టిన మొదలు

దమ్మపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో బొజ్జయ్య చూడందే ఎవరూ చెట్టెక్కరు. మోకాళ్లు అరిగి తాను ఎక్కడం మానేశాక, మొదలు చూడటమే అతని పని. ఎర్రటి జిగురు ఏమైనా కారుతోందా అని చుట్టూ తిరిగి చూస్తాడు. కత్తి వెనకతో కొట్టి చెవి ఆనిస్తాడు. లోపల కుళ్లిన చెట్టు డొల్లగా మోగుతుంది. వెంటనే "కొట్టేయండి" అంటాడు, మొహమాటం లేకుండా. నిండా కాయలున్న చెట్టును నరకమంటే ఏ రైతుకు నచ్చుతుంది? తిట్టుకుంటూనే నరికించేవాళ్లు.

ఇంత తెలిసినవాడు భార్య ఎర్రమ్మకు మాత్రం ఒక్క గుర్తూ చెప్పలేదు. చెట్లు మొదలు కుళ్లి కూలతాయని తెలిస్తే తనను ఎక్కనిస్తుందా? అందుకే ముప్పై ఏళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడు ఎక్కుతున్నది అల్లుడు రాజు. అయినా చెప్పలేదు.

2006 క్రిస్మస్‌కు రిటైర్డ్ టీచర్ క్రిస్టోఫర్ తన ఇంటి ముందు కొబ్బరి చెట్లకు సున్నం కొట్టించారు. కూలికి వెళ్లి కొట్టింది ఎర్రమ్మే. మర్నాడు కాయలు దింపడానికి మామా అల్లుళ్లు వచ్చారు. బొజ్జయ్య కత్తి తీయగానే క్రిస్టోఫర్ అడ్డుపడ్డారు.

"గాట్లు పెట్టకు బొజ్జయ్యా, చుట్టాలొస్తున్నరు. నిన్ననే కొట్టించిన."

ఒక చెట్టు మట్టలు కాస్త వాలి ఉన్నాయి. నీళ్లు చాల్లేదేమో అనుకున్నాడు బొజ్జయ్య. మొదలు చూస్తే తెల్లగా, శుభ్రంగా ఉంది. పెద్దమనిషి మాట కాదనలేక కత్తి దించేశాడు.

"ఎక్కు అల్లుడా," అన్నాడు.

రాజు సగం పైకి వెళ్లేసరికి చెట్టు మొదట్లో విరిగింది. ఆటోలో దవాఖానాకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

సాయంత్రం బొజ్జయ్య ఒక్కడే వెనక్కి వచ్చి, మిగిలిన మొద్దు మీద సున్నం గీకాడు. ఎర్రటి తడి బయటపడింది. అతన్ని వెతుక్కుంటూ ఎర్రమ్మ వచ్చింది.

"ఎవరో వక్కాకు నమిలి ఉమ్మిండ్రనుకున్న. ఎంత పూసినా పైకొస్తుంటే రెండుసార్లు కొట్టిన. ఏందయ్యా అది?"

బొజ్జయ్య ఆ తడిని అరచేత్తో కప్పేశాడు. "ఉమ్మే," అన్నాడు.

ఇంటి దగ్గర శవం పక్కన కూర్చున్న కూతురు శారద తలెత్తింది.

"చూసే ఎక్కించినవా నాయినా?"

"చూసిన బిడ్డా. నా కండ్లకే ఆనలే."

"నీ కండ్లు మండిపోను! నా బిడ్డ కొంప ముంచితివి గదయ్యా," అంటూ ఎర్రమ్మ గుండెలు బాదుకుంది. బొజ్జయ్య ఆమె పక్కనే తల వంచుకుని నిలబడి, ఆ తిట్లన్నీ పడ్డాడు.