నాలుగుసార్లు ఆగిన కారు

మా ఆయన హజరత్తయ్య పోయి మొన్న మాఘమాసానికి ఏడాది. పలకరించడానికి వచ్చిన డ్రైవర్లందరూ దాదాపు ఒకే మాట అన్నారు. "ఆయన దగ్గర పని నేర్చుకున్నోడు ఇంజన్ నూనె మార్చే రోజు మర్చిపోడమ్మా." నిజమే. మిగతా వాళ్లు మైళ్లు చూసుకుని నూనె మారుస్తే, ఆయన పంచాంగం చూసి మార్చేవాడు. స్టేషన్‌కూ సముద్రపు ఒడ్డుకూ మధ్య ఐదారు మైళ్లు తిరిగే కారుకు మైళ్ల లెక్క పనికిరాదనేవాడు. ఇంజన్ సరిగ్గా కాగకముందే ఆపేస్తాం, లోపల చేరిన చెమ్మ ఆరదు. పైగా ఇసుక. "రెండు నెలలు. ఆపైన ఒక్కరోజు కూడా వద్దు" అనేవాడు.

ఈ పట్టుదల ఆయనకు 1963 నుంచి వచ్చింది. అంతకు ముందు కూడా ఆయనకు సంగతి తెలుసు. తెలిసీ ఒక్కసారి ఊరుకున్నాడు.

అప్పుడు బోగోలులో పద్మనాభయ్య గారి టాక్సీ నడిపేవాడు. బిట్రగుంట స్టేషన్లో దిగిన చేపల వ్యాపారులను ఒడ్డున జాలర్లుండే పట్టపుపాలేలకు తీసుకెళ్లడం, గంపలతో సహా వెనక్కి తేవడం, అదీ పని. ఇంజన్లోంచి తీసిన పాత నూనెను ఆయన పారబోసేవాడు కాదు. పడవ అడుగున చెక్కకు పురుగు పట్టకుండా పట్టపోళ్లు ఆ నల్లనూనె రుద్దేవాళ్లు. అందులోనూ చిన్నపోలయ్యకు మా ఆయన నూనె అంటే గురి. ఇద్దరికీ మంచి స్నేహం. ఆ ఏడు చిన్నపోలయ్య కొత్త పడవ కట్టిస్తున్నాడు.

వినాయక చవితి వెళ్లాక నూనె మార్చబోతుంటే చిన్నపోలయ్య వచ్చి అడ్డం పడ్డాడు.

"ఇప్పుడే తియ్యబాకన్నా. పల్చటి నూనె రుద్దితే రెండు అలలకే కడుక్కపోతుంది. ముదరనీ. పడవ దించే ముందు తీస్తువుగాని."

"ఇదేమన్నా మామిడికాయా, ముదరబెట్టడానికి?" అని నవ్వాడు మా ఆయన.

"నీ కారుకేం కాదులే. అన్నం పెట్టే పడవన్నా."

మైళ్ల మీటరు చూస్తే, పోయినసారి మార్చాక తిరిగింది ఇంకా ఏడు వందలే. పద్మనాభయ్య గారి లెక్కలో రెండువేలకు మారిస్తే చాలు. సరేనన్నాడు. వడ్రంగికి జ్వరం వచ్చి పడవ దసరాకు పూర్తికాలేదు. తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆపైన పడవ దించే ముందు చేసే గంగమ్మ పూజకు మంచిరోజు కుదరలేదు. చూస్తుండగా కార్తీకం కూడా దాటింది. ఒకరోజు ఇంజన్ పైన నూనె పోసే మూత తీసి చూసి, దాని లోపల అంటిన తెల్లటి జిడ్డును వేలితో తీసి నాకు చూపించాడు. వెన్నలా ఉంది. ఆ పూట ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

చివరికి మార్గశిరంలో నూనె తీశాడు. అది కారలేదు, ముద్దలుగా జారింది. "ఇదీ నూనెంటే!" అని చిన్నపోలయ్య డబ్బా ఎత్తుకుని మురిసిపోతూ వెళ్లాడు. మా ఆయన మాత్రం కారు కిందే చాలాసేపు పడుకుని ఉన్నాడు. కిరసనాయిలు పోసి కడిగి, కొత్త నూనె పోశాడు. అయినా మనసు ఒప్పలేదు. కిరసనాయిలుకు నానిన మడ్డి లోపల పెచ్చులుగా ఊడి వస్తుంది. అడుగున నూనె పీల్చే చోట సన్నటి జల్లెడ ఉంటుంది. పెచ్చులు దాన్ని మూసేస్తే ఇంజన్‌కు నూనె అందదు. అడుగు పళ్లెం విప్పి కడిగితేనే పని పూర్తయినట్టు. దానికి లోకోషెడ్డు మెకానిక్ జకరయ్య మరుసటి సాయంత్రం వస్తానన్నాడు.

మరుసటి పొద్దున్నే ఎద్దులబండిలో చిన్నపోలయ్యను మా గుమ్మం ముందుకు తెచ్చారు. వలలో పడిన ముళ్లతోక చేప తొడలో పొడిచింది. కాంపౌండరు గుడ్డలు బిగించి కట్టి, "ఇది ఇక్కడ అయ్యేది కాదు, నెల్లూరు పెద్దాసుపత్రికి పోండి" అన్నాడట. కట్టు అప్పటికే తడిసిపోయింది. రైలు మధ్యాహ్నం దాకా లేదు. బోగోలులో ఇంకో కారు లేదు.

మా ఆయన కారు వంక ఒక్క క్షణం చూశాడు. అంతే. "ఎక్కించండి" అన్నాడు.

వెనక సీట్లో చిన్నపోలయ్య తలను అతని భార్య నాగులమ్మ ఒళ్లో పెట్టుకుంది. గాయం మీద గుడ్డ అదిమిపట్టి నేను కింద కూర్చున్నాను. ఇరవై మైళ్ల పైచిలుకు దారి. మద్రాసు రోడ్డెక్కాక కారు బాగానే పరుగెత్తింది. ఆరు మైళ్లు పోయామో లేదో, మా ఆయన పక్కకు తీసి ఆపేశాడు. ఇంజన్ కూడా కట్టేశాడు.

"ఏందన్నా? ఏమైంది?" అంది నాగులమ్మ.

"ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలా? దేనికి?"

ఆయన నూనె ఒత్తిడి చూపించే ముల్లు వైపు చూపించాడు. నలభై మీద ఉండాల్సింది పదికి దిగింది. "జల్లెడకు మడ్డి అడ్డం పడతా ఉంది. ఇంజన్ ఆపితే కిందకి జారిపోతుంది. ఆపకుండా పోతే రెండు మైళ్లలో బిగుసుకపోతుంది. ఈ ఎండలో ఈడనే ఉండిపోతాం."

ఐదు నిమిషాలు అయ్యాక తాళం తిప్పితే ముల్లు నలభైకి లేచింది. నాలుగు మైళ్లకు మళ్లీ పడింది. మళ్లీ ఆపాడు. నా వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారుతోంది. ఒక లారీ వస్తుంటే నాగులమ్మ దిగి రోడ్డుకు అడ్డంగా చేతులూపింది. గడ్డిమోపులు వేసుకున్న లారీ, తప్పుకుని వెళ్లిపోయింది.

"ఆపనీలేవే, గాలొస్తా ఉండాది" అన్నాడు చిన్నపోలయ్య కళ్లు తెరవకుండానే. నేను గుడ్డను ఇంకా గట్టిగా అదిమాను.

మూడోసారి రాజుపాలెం దాటాక. ఈసారి మూడు మైళ్లు కూడా రాలేదు.

"కారును కాపాడుకుంటా ఉండావా, మనిషినా?" అని అరిచింది నాగులమ్మ. "పద్మనాభయ్యకు భయపడి మొగుణ్ణి చంపుతావా నాకు?"

మా ఆయన చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. వీపు మీద చొక్కా మొత్తం తడిసిపోయింది. నేనూ కోపం పట్టలేక, "పోనియ్యవయ్యా, ఏమైతే అది అవుతుంది!" అన్నాను. ఆయన కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

నాలుగోసారి కోవూరు ఇంకా రాకముందే. ఆపగానే నాగులమ్మ దిగి కారు ముందుకు వెళ్లింది. చిన్నపోలయ్య పలకడం మానేశాడు. నేను వంగి ఊపిరి వింటూ ఉండిపోయాను. ఐదు నిమిషాలు అంత పొడుగ్గా ఉంటాయని నాకు అంతవరకు తెలియదు.

తాళం తిప్పాడు. ముల్లు లేవలేదు. పదిహేను దగ్గర వణుకుతూ నిలబడింది.

"ఇంక ఆపను. నాగులమ్మా, ఎక్కు" అన్నాడు.

కోవూరు బజారులో ఇంజన్ టకటక కొట్టడం మొదలుపెట్టింది. పెన్న వంతెన ఎక్కేసరికి ఎవరో లోపల సుత్తితో బాదుతున్నట్టు ఉంది. జనం నిలబడి చూస్తున్నారు. ముల్లు సున్నా మీద పడుకుంది. ఆయన దాని వంక చూడటం మానేసి, హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు. ఆసుపత్రి గేటు లోపలికి తిప్పాక ఇంజన్ ఒక్కసారి కీచుమని బిగుసుకుపోయింది. కారు ఆగకముందే దిగి, చిన్నపోలయ్యను భుజాన వేసుకుని పరుగెత్తాడు.

రెండు గంటల తర్వాత ఒక నర్సు బయటికి వచ్చి, ప్రాణానికి భయం లేదని చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమంది.

పద్మనాభయ్య గారు ఆ తర్వాత కారు తాళాలు ఆయన చేతికి ఇవ్వలేదు. మైళ్ల మీటరు చూపించి మా ఆయన తప్పించుకుని ఉండొచ్చు. రెండువేలు ఇంకా కాలేదు కదా. అలా చేయలేదు. మూడు నెలలు తానే ఆపానని ముఖం మీద చెప్పేసి వచ్చాడు.

అంతకంటే ముందు, ఆ మధ్యాహ్నమే, ఆసుపత్రి వరండాలో నాగులమ్మకు చెప్పాడు. జల్లెడ ఎందుకు మూసుకుపోయిందో, నూనె ఎప్పుడు తీయాల్సిందో, ఎందుకు తీయలేదో మొత్తం చెప్పాడు.

ఆమె నేల చూస్తూ అంది:

"ముదరనీమని అడిగింది మా ఆయనే కదన్నా."

"అడిగింది ఆయన. తెలిసినోణ్ణి నేను."

"ఆయనకు చెప్పబాక. నా పడవ వల్లే అనుకుంటే ఆ పడవెక్కడు."

మా ఆయన తల ఊపాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాలుగోసారి ఆపినప్పుడు నేను రాయి తీసినా. నీ తలకాయ పగలగొడదామని. చూసినావా?"

"చూసినా."

"మరి అట్టనే కూర్చోనుండావే!"

"ఐదు నిమిషాలు కాలేదు గదా" అన్నాడు.