నీలిదొరకు పాలాభిషేకం

కుదిరిన నా పెళ్లిని చెడగొట్టబోయింది జాతకమూ కాదు, వేలువిడిచిన మేనమామా కాదు. ఒక ఫ్లెక్సీ. దాన్ని కట్టింది కూడా శత్రువులు కాదు, సాక్షాత్తూ నేనే. పైగా ప్రింటింగ్ షాపతను "అక్షరాలు ఇంకింత పెద్దగ పెట్టాల్నా అన్నా?" అనడిగితే, పెట్టమన్నాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో నాకు ఖమ్మంలో ఒక బ్యాంకులో ఉద్యోగం. ఖానాపురం హవేలిలో అమ్మా నేనూ అద్దెకుండేవాళ్లం. కామిక్ పుస్తకాల పిచ్చి మాత్రం సొంతం. నా ఆరాధ్యదైవం పేరు నీలిదొర. ముసుగు వేసుకుని, చేతి సైగతో నదుల్ని ఆడిస్తాడు. ఒక మహానగరాన్ని కాపాడటానికి నదిని మళ్లించి ఒక పల్లెను ముంచేస్తాడు. కాపాడినందుకు దేవుడా, ముంచినందుకు రాక్షసుడా? పుస్తకం ఎటూ తేల్చదు. అదే దాని గొప్పతనమని మా క్యాంటీన్‌లో చాయ్ తాగే ప్రతివాడికీ చెప్పేవాణ్ని. వాళ్ల చాయ్ చల్లారేది గానీ నేను చల్లారేవాణ్ని కాదు.

ఆ పుస్తకం సినిమాగా వచ్చింది. తెలుగులోకి డబ్బింగ్ అయి ఖమ్మానికీ వస్తోంది. మన దగ్గర హీరో సినిమా అంటే ఫ్లెక్సీ కట్టాలి, కటౌట్‌కు పాలు పోయాలి. ఖమ్మం మొత్తానికి నీలిదొర అభిమానిని నేనొక్కణ్నే కాబట్టి, ఆ సంఘానికి అధ్యక్షుణ్నీ నేనే, పాలబిందె మోసేవాణ్నీ నేనే. ఫ్లెక్సీ మీద చల్లద్దాలు పెట్టుకుని దండం పెడుతున్న నా ఫొటో. పక్కనే పెద్ద అక్షరాల్లో: "ముంచినా తేల్చినా నువ్వే!"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. సినిమా శుక్రవారం, ఆ ఆదివారమే నాకు తాంబూలాలు. అమ్మాయి పేరు లావణ్య, ఊరు భద్రాచలం. వాళ్ల నాన్నకు గోదారికి దగ్గర్లో కిరాణా కొట్టు. వరదొస్తే ముందు మునిగేది వాళ్ల వీధే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ ఫ్లెక్సీ కట్టానంటే, నా బుర్రను ఎవరికి కిరాయికిచ్చానో నాకే తెలియదు.

తాంబూలాల బట్టలకని ఖమ్మం వచ్చిన లావణ్య, ఫోన్లో నేనంతగా ఊదరగొట్టిన సినిమా కదా అని, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని శుక్రవారం మొదటి ఆటకే వచ్చింది. నేనప్పుడు థియేటర్ ముందు నిచ్చెన మీదున్నాను. సగం పాలు కటౌట్ మీద, సగం నా మీద. పైనుంచే మామగారికి నమస్కారం పెట్టాను. ఆయన తలెత్తి చూసి, "పడతవు బాబూ, పైలం" అన్నాడు.

ఆట మొదలైంది. రెండున్నర గంటల్లో ఒకే మనిషి మంచివాడూ చెడ్డవాడూ కావడం కుదరదనుకున్నారేమో, సినిమావాళ్లు నీలిదొరను పచ్చి విలన్‌ను చేసేశారు. పల్లె మునుగుతుంటే పుస్తకంలో ఏడ్చినవాడు, తెర మీద పకపకా నవ్వాడు. జనం ఇళ్ల కప్పులెక్కారు. బియ్యం బస్తాలు కొట్టుకుపోయాయి. నా ముందు వరసలో మామగారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఇంటర్వెల్‌లో పారిపోదామంటే, ఒంటి మీది పాలు ఎండి సీటుకు అంటుకుపోయాను.

ఆట వదిలాక ఆయన ఫ్లెక్సీ ముందు ఆగి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

"ముంచినా నువ్వేనా బాబూ?"

"పుస్తకంల గట్ల లేదు మామయ్యా. అండ్ల ఏడుస్తడు."

"ఏడిస్తే మునిగిన కొట్టు తేల్తదా?"

అత్తగారు ఆటో పిలిచింది. లావణ్య మాత్రం నా దగ్గరికొచ్చి ఆ పుస్తకం ఇమ్మని అడిగింది. అది ఎప్పుడూ నా బండి డిక్కీలోనే ఉండేది. తీసిచ్చాను.

శనివారమంతా వాళ్ల నుంచి ఫోన్ లేదు. సంబంధం పోయినట్టేనని అమ్మ తేల్చేసింది. చాయ్ అడిగితే, పాలన్నీ నీ దొరకే పోస్తివి గదా అని నల్ల డికాక్షన్ చేతికిచ్చింది.

ఆదివారం పొద్దెక్కాక ఆటో వచ్చి మా ఇంటి ముందు ఆగింది. తాంబూలం పళ్లెం కనిపించలేదు. మామగారి చేతిలో నా పుస్తకం ఉంది. కూర్చుని, చివరి పేజీ తీసి నా ముందు పెట్టాడు. వరద తీశాక, నీలిదొర ముసుగు పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆ పల్లెలో ఇంటింటా బురద ఎత్తిపోసే బొమ్మ అది.

"పిల్ల మొత్తం చదివి చెప్పింది" అన్నాడు. "వీడు మంచోడేం కాదు. ముంచిండు, అది ముంచుడే. కానీ నీళ్లొస్తే చూసేటందుకు అందరొస్తరు బాబూ. నీళ్లు పోయినంక బురద ఎత్తేటందుకు ఎవ్వరు రారు. సినిమావోళ్లు గీ పేజీ ఎందుకు తీసేసిండ్రు?"

"తెల్వదు మామయ్యా."

"సరే. వచ్చే వరదకు నువ్వొస్తవా?"

"అవ్, వస్త."

అప్పుడు అత్తగారు ఆటోలోంచి పళ్లెం తెచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. లావణ్య ఆ పుస్తకం అడక్కపోతే, బొమ్మ బొమ్మకూ ఆగి తండ్రికి చదివి చెప్పకపోతే, ఆ పెద్దాయన అంత ఓపికగా వినకపోతే నా బతుకేమయ్యేదో! వాళ్లిద్దరికీ ఈ జన్మంతా దండం పెట్టినా తక్కువే, ఈసారి చల్లద్దాలు లేకుండా.

అసలు దెబ్బ పెళ్లినాడు పడింది. ఫంక్షన్ హాలు గేటు మీద నా పాత ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ. "ముంచినా తేల్చినా నువ్వే! ఇట్లు, లావణ్య." చుట్టాలందరూ నన్ను వదిలేసి దాని ముందు ఫొటోలు దిగారు.

ఇచ్చిన మాట ప్రకారం వరద వచ్చిపోయినప్పుడల్లా సెలవు పెట్టి, పారా తట్టా పట్టుకుని భద్రాచలం వెళ్తున్నాను. మామగారు నన్ను "మా నీలిదొర" అని అందరికీ చూపించి, పక్కింటి బురద కూడా నాచేతే ఎత్తిస్తున్నాడు.

కాబట్టి పాలబిందె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సెకండాఫ్ చూడకుండా ఈ జన్మలో ఏ దేవుడికీ ఫ్లెక్సీ కట్టను. ఉన్న ఆ రెండు ఫ్లెక్సీలనూ మామగారు కొట్లో దాచుకున్నాడు. వానాకాలంలో బియ్యం బస్తాలను అటక మీదికెక్కించి వాటినే కప్పుతాడు. ఇప్పటిదాకా ఒక్క బస్తా తడవలేదు.