వానపాటకు పోసిన ఆరు బిందెలు

ఆ కరువు ఏడాది మా ఇంట్లో పోయినవి: రెండెకరాల జొన్న, ఒక కోడె, చూడి బర్రె, దాని కడుపులోని దూడ, ఆరు బిందెల నీళ్లు. బడికి పోకుండా గోడమీద బొగ్గు గీతలతో లెక్క నేర్చుకున్నదాన్ని. చాలావరకు తప్పు పోదు. ఈ ఉదయం రేడియోలో జలతరంగం వినిపించేసరికి ఆ చివరి పద్దు మళ్లీ ముందుకొచ్చి కూర్చుంది.

నిజాం ఏలుబడి. నాకు పంతొమ్మిదేళ్లు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నెర్రెలు బారింది. వానరాగాలు వాయిస్తే మబ్బు దిగుతుందని ఎవరో చెప్పగా, మా దొర పట్నం నుంచి పద్నాలుగు మంది వాద్యగాళ్లను బండ్లమీద రప్పించాడు. సితార్లు, సారంగులు, వేణువులు, తబలాలు. నడుమ ఒక ముసలి ఉస్తాదు, ఆయన ముందు ఇరవై రెండు పింగాణీ గిన్నెలు. వాటిలో నీళ్లు పోసి పుల్లలతో తడితే పాట పలుకుతుంది. పాట ఆయనది, నీళ్లు మావి. వెట్టి కింద ఇంటికి ఆరు బిందెలు దొర ఉండే గడికి చేరాలి. వాగులో మేము తవ్వుకున్న చెలిమ రోజంతా ఊరితే వచ్చేవే ఆరు.

"ఉన్న నీళ్లు ఆళ్లకు పోసి, రాని నీళ్లకు మొక్కాల్నా?" అంది మా అత్త.

"మెల్లగ అత్తా, దొర జవాను ఇంటడు."

"ఇననియ్యి. ఆడు తాగేది గుడ మన నీళ్లే."

మా బిందెల్లో నాలుగు, దుమ్ము లేవకుండా గడి ముందు పాటకని వేసిన పందిరి కింద చల్లేశారు. ఐదోదాంట్లో సగం గిన్నెలు కడగడానికి, సగం వాటిలోకి పోయింది. ఆరోది పట్టుకుని నన్ను ఉస్తాదు పక్కన కూర్చోమన్నారు. వడగాలికి గిన్నెల్లో నీళ్లు తగ్గితే స్వరం మారుతుందట. "జర పొయ్యి బేటీ... బస్" అంటూ ఆయన చెంచాలతో పోయించుకున్నాడు. మిగిలినవి వాద్యగాళ్లు తాగారు.

తర్వాత పద్నాలుగు మందీ ఒక్కసారి అందుకున్నారు. ముందు తబలాల్లో దూరపు ఉరుము. గిన్నెల్లో ఆకులమీది తొలి చినుకులు. ఆపైన సారంగులన్నీ కలిసి ఏకధారగా కురిశాయి. నేను లెక్క మరిచిపోయాను. తిరిగి చూస్తే, వెనక నిలబడ్డ అత్త తడుస్తానన్నట్టు కొంగు నెత్తిమీదికి లాక్కుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

పాట ముగిశాక ఉస్తాదు నా ఖాళీ బిందె చూశాడు.

"ఇంట్ల ఎవరికి ఈ నీళ్లు?"

"చూడి బర్రెకు."

ఆయన ఒక్కో గిన్నె ఎత్తి నా బిందెలో వంచాడు. ఇరవై రెండూ కలిసి సగం బిందె అయింది. "మిగిలింది మళ్లొచ్చినప్పుడు ఇస్త, బేటీ" అన్నాడు, నవ్వకుండా.

బర్రె ఆ సగం తాగింది. నాలుగోనాడు కూలబడి మళ్లీ లేవలేదు. పదకొండోనాడు వాన పడింది. తన పాటే తెచ్చిందని దొర చెప్పుకున్నాడు. "ఎడ్లబండి మీద వచ్చినట్టుంది, గందుకే ఆల్శమైంది" అంది అత్త.

ఉస్తాదు మళ్లీ రాలేదు. నిజాం పోయాడు, గడి కూలింది, అత్తా పోయింది. ఎన్ని వానలు కురిసినా అవి నా పద్దులోకి రావు. ఐదున్నర బిందెలు రావాలి. ఆ పందిరి కింద అత్తా నేనూ ఆ పాటలో కాసేపు తడిసినదానికి అందులోంచి ఎంత తీసేయాలో ఇన్నేళ్లయినా తేలలేదు. అందుకే ఐదున్నర ఐదున్నరగానే ఉంది.