ఐదు పూతల నీలం

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన లారీలకు రంగులేసే ప్రకాశానికి ఒకటే పిచ్చి. ఆదివారం చర్చిలో పాత చెక్క గిటారు వాయించే అతనికి 1963లో ఒక లారీ డ్రైవరు కరెంటు గిటార్ల బొమ్మల పుస్తకం తెచ్చిచ్చాడు. కొనే యోగం లేదని తెలుసు. అయినా కొంటే ఏ రంగుది కొనాలన్నది మూడేళ్లయినా తేలలేదు. ఎరుపు, బంగారు మెరుపు, సముద్రపు పచ్చ. లారీలకు పూయగా మిగిలిన రంగులు కలిపి, చెక్కముక్కల మీద పూసి, ఇంటికి తెచ్చి భార్య మనోరమకు చూపించేవాడు.

"గీ నీలం మంచిగున్నది," అందామె ఒకరోజు. "ముందుగాల గిటారు రానియ్యి."

"ఐదు పూతలెయ్యాలె. పూతపూతకు ఒక దినం ఆరాలె. గప్పుడు అద్దం లెక్క మెరుస్తది."

ఆ వానాకాలం జ్వరమొచ్చి మనోరమ నాలుగు రోజుల్లో పోయింది. వాళ్ల చర్చిలో శవపెట్టెకు నల్లరంగే వేస్తారు. ప్రకాశం నీలం డబ్బా తెచ్చాడు.

"నలుపేస్తరు గద," అన్నాడు సంఘపెద్ద ఈరయ్య.

"ఆమె నీలమన్నది."

ప్రకాశం మూత తీసి కుంచె ముంచాడు. సాయంత్రంలోగా మట్టి చెయ్యాలి. ఒక్క పూతకే సమయం చిక్కింది, వాన తేమకు అదీ ఆరలేదు. తెల్లచొక్కాలతో వచ్చిన నలుగురు పెట్టెను అలాగే భుజానికెత్తుకున్నారు.

తర్వాతి ఆదివారం ఆ నలుగురూ అవే తెల్లచొక్కాలు తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్నారు. ఎంత ఉతికినా భుజాల మీద నీలం పోలేదు. ప్రకాశం గిటారు ఒళ్లో పెట్టుకుని ఆ భుజాల వైపే చూస్తున్నాడు. పాట మొదలుపెట్టమని ఎవరూ అడగలేదు.